కొత్తగా మొదలుపెట్టిన బడి బృందగానానికి పాటలు ఎలా ఎంచుకోవాలి?

ఒంగోలు_తెలుగు_టీచర్:

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా బడిలో సంగీతం టీచర్ పోస్టు లేదు. చిన్నప్పుడు నేను కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకున్నాను, హార్మోనియం మీద స్వరం పట్టుకోగలను, అందుకని ఈ ఏడు బృందగానం నాకు అప్పగించారు. నాకూ ఇష్టమైన పనే. 6 నుంచి 9 తరగతుల పిల్లలు 35 మంది దాకా వస్తున్నారు, అందులో మగపిల్లలు పది పన్నెండు మంది.

ఇబ్బందంతా పాటల ఎంపికలోనే. జనవరి 26కి ఒక దేశభక్తి గీతం, వార్షికోత్సవానికి ఒక అదిరిపోయే పాట కావాలని హెచ్ఎం గారు అడిగారు. రెండు పాటలు బట్టీ పట్టించి స్టేజీ ఎక్కించడం కష్టమేమీ కాదు, కానీ ఏడాది చివరికి ఈ పిల్లలకు శ్రుతిలో నిలబడటం, పక్కవాళ్ల గొంతు వింటూ పాడటం రావాలని నా కోరిక. ఏ పాట తర్వాత ఏ పాట నేర్పితే అది జరుగుతుంది? వీలైతే చివర్లో రెండు వరసల్లో, అంటే కొందరు ఒక వరస, కొందరు ఇంకో వరస పాడేలా ఒక్క పాటైనా చేయాలని ఉంది.

ఇప్పటి పరిస్థితి చెబుతాను. ఆడపిల్లలు పై స్వరాలు రాగానే అరుస్తారు, కింద స్వరాల్లో గొంతే వినపడదు. తొమ్మిదో తరగతి అబ్బాయిలు ముగ్గురికి గొంతు మారుతోంది. నలుగురైదుగురు ఏ పాటైనా ఒకే స్వరం మీద పాడతారు, వాళ్లను పక్కన పెట్టేయమని తోటి టీచర్లు అంటున్నారు, నాకు మనసు ఒప్పడం లేదు. వారానికి రెండు పీరియడ్లు దొరుకుతాయి. హార్మోనియం ఉంది, ఫోన్‌లో తంబురా యాప్ ఉంది, అంతే. చేసినవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

బెజవాడ_లలితగీతం:

టీచర్ గారూ, ఆ నలుగురైదుగురిని దయచేసి పక్కన పెట్టకండి. ముందు ఆ సంగతే చెప్పి మిగతాది చెబుతాను. ఒకే స్వరం మీద పాడే పిల్లల్లో చాలామందికి చెవి బాగానే ఉంటుంది, మాట్లాడే గొంతుతోనే పాడటం అలవాటైపోయి పై గొంతు ఎలా వస్తుందో తెలియదు, అంతే. వాళ్లను మన శ్రుతికి లాగే ముందు మనమే వాళ్ల స్వరం దగ్గరికి వెళ్లాలి. ఆ పిల్లవాడు ఏ స్వరం పలుకుతున్నాడో హార్మోనియం మీద పట్టుకుని, తరగతి అంతా అదే స్వరం అందుకుని వాడితో కలిసి పలికితే, తన గొంతు పదిమంది గొంతుల్లో కలవడం ఎలా ఉంటుందో వాడికి మొదటిసారి తెలుస్తుంది. అక్కడి నుంచి ఒక్కో మెట్టు పైకి. దూరంగా ఉన్నవాళ్లను పిలిచినట్టు 'ఊ...' అని కింద నుంచి పైకి జారుస్తూ పలికించండి, పై గొంతు దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక పాటలు. నేను బడుల్లో సంగీతం చెప్పి రిటైరయ్యాను, అంతకుముందు ఆకాశవాణిలో బృందగానాల్లో పాడేవాణ్ణి. నా పద్ధతి ఒకటే: పాట బాగుందా లేదా అని చూసే ముందు దాని అడుగు స్వరం ఏది, పై స్వరం ఏది అని రాసుకుంటాను. మీ ఆడపిల్లల అరుపు, కింద గొంతు పోవడం, రెండూ ఇక్కడి నుంచే వస్తాయి. ఈ వయసు పిల్లలకు హాయిగా పలికేది సుమారుగా హార్మోనియం మీద మధ్య 'సి' నుంచి దాని పై 'సి' లేక 'డి' దాకా, అంటే ఒక స్థాయి (స నుంచి పై స దాకా) కన్నా కొంచెం ఎక్కువ. మనం పాఠం చెప్పేటప్పుడు అలవాటుగా ఐదున్నర, ఆరు శ్రుతి, అంటే మధ్య 'సి' కన్నా కింద స, పెట్టేస్తాం. తార స్థాయికి (పై స, ఆ పైకి) వెళ్లే కృతికి అది సరిపోతుంది. కానీ పాట అంతా స నుంచి ప మధ్యలోనే తిరిగేదైతే ఆ శ్రుతిలో పిల్లలు మధ్య 'సి'కి అటూ ఇటూగా నలుగుతారు, గొంతు బరువెక్కుతుంది. అదే పాటకు షడ్జం (స) తీసుకెళ్లి ఒకటి శ్రుతిలో, అంటే మధ్య 'సి' దగ్గర, లేదా రెండులో పెట్టి చూడండి, గొంతులో వెలుగు వస్తుంది. ప్రతి పాటకూ ఒకే శ్రుతి పెట్టాలన్న నియమం ఏమీ లేదు.

మొదటి పాటకు నా సలహా ముత్తుస్వామి దీక్షితుల వారి నోట్టుస్వరాలు. బ్యాండు మెట్లకు ఆయన సంస్కృత సాహిత్యం రాశారు కదా, అన్నీ శంకరాభరణ స్వరాలే, గమకాలు (స్వరాన్ని ఊపి పలకడం) ఉండవు. 'శ్యామలే మీనాక్షి' తీసుకోండి, పిల్లలకు ఇంగ్లిష్ రైమ్‌గా ఎప్పుడో తెలిసిన మెట్టే (ట్వింకిల్ ట్వింకిల్), స నుంచి ద దాకా ఆరు స్వరాల్లో అయిపోతుంది. మెట్టు తెలుసు కాబట్టి శ్రద్ధంతా శ్రుతి మీద, ఉచ్చారణ మీద పెట్టొచ్చు. గమకం లేకపోవడం ఎందుకు ముఖ్యమంటే, తోడి, భైరవి లాంటి రాగాల్లో 35 మంది 35 రకాలుగా ఊపుతారు, ఏ స్వరమూ నిలవదు. ఒక్కరు పాడితే అందం తెచ్చే గమకమే, నేర్పరి కాని గుంపులో శ్రుతిని చెరుపుతుంది. మొదటి ఆరు నెలలూ శంకరాభరణం, మోహన, హంసధ్వని, మధ్యమావతి, శుద్ధసావేరి, వీటిలో ఉన్న సాదా పాటలు చాలు.

జనవరి 26కి గురజాడ 'దేశమును ప్రేమించుమన్నా' ఉండగా ఇంకోటి వెతకడం ఎందుకు? అది మూడు నాలుగు మాత్రల నడక, చరణం చరణానికి ఊపిరి తీసుకునే చోటు దానిలోనే ఉంది. పైగా దానికి రకరకాల వరసలు కట్టి పాడుకున్నారు, మీరే మోహనలో మధ్య షడ్జం నుంచి తార షడ్జం దాటకుండా వరస కట్టుకోవచ్చు. వర్ణాల దాకా నేర్చుకున్న మీకు అది పెద్ద పని కాదు. మీ పిల్లల గొంతుకు కొలిచి కుట్టిన పాట అవుతుంది. కృష్ణశాస్త్రి గారి 'జయ జయ జయ ప్రియ భారత జనయిత్రి' నాకు ప్రాణం, కానీ కొత్త బృందానికి మొదటి ఏడాది వద్దంటాను. పొడుగు సమాసాలు, ఊపిరి ఎక్కడ తీసుకున్నా మాట విరుగుతుంది. రెండో ఏడాదికి ఉంచండి.

ఓరుగల్లు_పూలసింగిడి:

పై సార్ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, మొదటి పాట సంస్కృతంలో ఎందుకండీ? అర్థం తెలియని మాటలు 35 మంది చేత ఒక్కలాగా పలికించడానికే రెండు వారాలు పోతాయి. మాకు వరంగల్ వైపు బతుకమ్మ పాటలే మొదటి బృందగానం. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో అందుకుంటారు. నాలుగైదు స్వరాలు దాటదు, చప్పట్లతో తాళం ఒంట్లోకి వస్తుంది, ఎంత సిగ్గుపడే పిల్లైనా ఆ ఒక్క మాట అందుకోకుండా ఉండలేదు. గుండ్రంగా తిరుగుతూ పాడతారు కాబట్టి ఒకరి గొంతు ఒకరికి వినపడుతుంది, మీరు అడిగిన పక్కవాళ్లను వినడం అనేది అక్కడే అలవాటవుతుంది. స్టేజీ మీద వరసగా నిలబెట్టిన పిల్లలకు ఎదురుగా ఉన్న జనం గోలే వినపడుతుంది.

మీది ప్రకాశం జిల్లా కాబట్టి బతుకమ్మే పాడమని నేను అనను. మీ దగ్గర కోలాటం పాటలు, నాట్ల పాటలు, గొబ్బి పాటలు ఉంటాయి కదా. మీ పిల్లల అమ్మమ్మలనే అడగమనండి. 'ఒకరు పాడితే అందరూ అందుకునే పాట మీకు ఏది వచ్చు' అని అడిగి పాడించుకుని రమ్మని చెప్పండి. వచ్చిన వాటిలో నుంచి ఎంచుకోండి. ఎత్తుకునే వంతు మాత్రం ప్రతిసారీ బాగా పాడే పిల్లకే ఇవ్వకండి, వంతులవారీగా తిప్పండి. ఒంటరిగా ఒక్క వాక్యం పాడిన పిల్ల గుంపులో కూడా ధైర్యంగా పాడుతుంది.

ఇంకొక మాట. జానపదం అంటే గొంతు చించుకోవడమని చాలా బడుల్లో అనుకుంటారు, పోటీల్లో కూడా అలాగే పాడిస్తారు. ఆరుబయట, మైకు లేకుండా, పొలం ఆ చివరికి వినపడాలని పాడిన గొంతు వేరు. తరగతి గదిలో పన్నెండేళ్ల పిల్ల అలా పాడితే వారంలో గొంతు బొంగురు పోతుంది.

గుంటూరు_క్వయర్:

వందనాలు టీచర్ గారూ. నేను చర్చి క్వయర్ నడుపుతాను, పిల్లల క్వయర్, యూత్ క్వయర్ రెండూ. మీరు అడిగిన రెండు వరసల సంగతి, గొంతు మారే అబ్బాయిల సంగతి నాకు తెలిసినంత చెబుతాను.

అబ్బాయిలు ముందు. ఆ వయసులో గొంతు చివరికి ఒక స్థాయి కిందకు దిగుతుంది, కానీ దిగే నెలల్లో వాడి చేతిలో హాయిగా ఉండేవి ఐదారు స్వరాలే. ఏ ఐదారు అనేది పిల్లవాడిని బట్టి, ఒక్కోసారి నెలను బట్టి మారుతుంది. కాబట్టి పాటంతా పాడమని బలవంతం చేయకండి, అలాగని పెదవులు కదిపి నిలబడమని అస్సలు అనకండి, అలా అన్న అబ్బాయిలు మళ్లీ జన్మలో పాట జోలికి రారు. మీకు ముగ్గురు ఉన్నారు కాబట్టి వాళ్లకు స, ప మాత్రమే ఇవ్వండి. తంబురా పని వాళ్లదే. మిగతావాళ్లు పాట పాడుతుంటే వీళ్లు ఆ రెండు స్వరాలు పట్టి ఉంచుతారు, ఊపిరి వంతులవారీగా తీసుకుంటారు, ఒకడు ఆగినప్పుడు ఇద్దరు పాడుతూ ఉండాలి. ఇది చిన్నతనంగా ఇచ్చిన పని అని వాళ్లకు అనిపించకూడదు, నిజానికి బృందంలో అందరికన్నా గట్టిగా శ్రుతి తెలియాల్సింది వాళ్లకే. చూడండి, మీరు కోరిన రెండో వరస అప్పుడే మొదలైపోయింది.

దాని తర్వాత మెట్టు, ఒకే పాటను రెండు గుంపులు ముందూ వెనకా మొదలుపెట్టడం. దీనికి మోహన లాంటి ఐదు స్వరాల రాగం మంచిది. అందులో అర్ధస్వరం దూరంలో, అంటే హార్మోనియం మీద పక్కపక్క మెట్లలో, ఉన్న స్వరాలు లేవు, అందుకని రెండు వరసలు ఎక్కడ ఎదురుపడినా చెవికి గుచ్చుకోదు. హంగరీలో కొదాయ్ అనే సంగీతకర్త బడి పిల్లలకు పాట నేర్పించే పద్ధతికి ఐదు స్వరాల జానపదాలనే పునాదిగా పెట్టుకున్నాడు, కారణాల్లో ఇదీ ఒకటి. మీ దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలు ఉంటే మోహనలోనే ఉన్న 'వరవీణా' గీతం వచ్చే ఉంటుంది, రెండో గుంపును ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఆలస్యంగా ఎత్తుకోమని చెప్పి వినండి. లేదా పై సార్ చెప్పినట్టు గురజాడ పాటకు మీరు మోహనలో కట్టుకునే వరసతోనే చేయండి.

అసలు రెండు వేరు వేరు వరసలు మాత్రం మూడో మెట్టు. అక్కడ చాలా క్వయర్లలో జరిగేది ఏమిటంటే, బాగా పాడేవాళ్లందరినీ పై వరసలో పెట్టి, పైకి పోలేని వాళ్లను కింది వరసలోకి తోసేస్తారు. కింది వరసే కష్టం, అది చెవికి పరిచయమైన మెట్టు కాదు కదా. చెవి గట్టి పిల్లలను రెండు వైపులా సమానంగా పంచండి, వచ్చే పాటకు పైవాళ్లను కిందికి, కిందివాళ్లను పైకి మార్చండి. ఈ వయసులో ఏ పిల్లా శాశ్వతంగా కింది గొంతు కాదు. పాట మొత్తం రెండు వరసలు వద్దు, పల్లవి చివరి ఆవర్తనం ఒక్కటే రెండుగా విడిపోయి మళ్లీ షడ్జంలో కలిస్తే చాలు.

స్టేజీ_కీబోర్డ్:

పెద్దలందరూ మంచి మాటలు చెప్పారు. నేను పెళ్లిళ్లకు, కాలేజీ ఫంక్షన్లకు ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను, బడుల వార్షికోత్సవాలకూ పిలుస్తారు. మేడమ్ గారికి హెచ్ఎం గారి కోరిక కూడా తీర్చాలి కదా, అందుకని సినిమా పాట సంగతి చెబుతున్నాను.

సినిమా పాట తప్పేమీ కాదు, పిల్లలు ఉత్సాహంగా వస్తారు. కానీ సినిమా పాట ఒక్క గాయని కోసమో గాయకుడి కోసమో కట్టినది. ఊపిరికి చోటు లేకుండా మాటలు వస్తాయి, ఆ గొంతులోని చిన్న చిన్న సంగతులే పాటకు అందం, అవి 35 మందికి పంచితే ముద్దగా అవుతాయి. అందుకని అసలు పాటలోనే కోరస్ ఎక్కువగా ఉన్నవి ఎంచుకోండి, ఊరంతా కలిసి పాడే సన్నివేశాల పాటలు, పండగ పాటలు. సోలో భాగాలు ఒకరిద్దరికి ఇచ్చి మిగతా పిల్లలకు కోరస్ ఇవ్వండి.

కరోకే ట్రాక్ పెట్టుకుంటే దాని శ్రుతి మార్చే యాప్‌లు ఫోన్‌లోనే ఉన్నాయి, మార్చుకోండి, ట్రాక్ శ్రుతికి పిల్లలను లాగొద్దు. అసలు గాయని గొంతు కూడా వెనక వినపడే ట్రాక్ మాత్రం వాడకండి. పిల్లలు దాని మీద ఆనుకుని పాడతారు, కరెంటు పోయినా స్పీకర్ ఆగినా పాట అక్కడే ఆగిపోతుంది. మైకులు రెండే ఉంటే పిల్లలకు దగ్గరగా పెట్టకండి, ముందున్న ఇద్దరి గొంతే ఊరంతా వినపడుతుంది. నాలుగైదు అడుగుల దూరంలో, తల ఎత్తు కన్నా కొంచెం పైన, రెండు పక్కలా పెట్టించండి. స్పీకర్ ముందు మైకు ఉండకుండా చూసుకోండి, కూత పెడుతుంది.

న్యూజెర్సీ_అమ్మ:

మేము ఇక్కడ వారాంతపు తెలుగు బడి పిల్లలతో పాడిస్తాం. మా పరిస్థితి మీకు తలకిందులు: ఇక్కడి పిల్లలు స్కూల్ కోరస్‌లో రెండు మూడు వరసలు అలవోకగా పాడతారు, తెలుగు మాట దగ్గర ఆగిపోతారు. అందుకని మేము పాట ఎంచుకునేటప్పుడు వొత్తులు, ళ, ణ ఎన్ని ఉన్నాయో చూస్తాం, పల్లవిలో ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే పాటలకు ఓటు వేస్తాం. రామదాసు 'తక్కువేమి మనకు' మా పిల్లలకు చాలా ఇష్టం, పల్లవి అందరూ, చరణాలు ఇద్దరిద్దరు. మీ పిల్లలకు తెలుగు సమస్య కాదు కాబట్టి ఆ అదృష్టాన్ని వాడుకోండి, పాట మొదలుపెట్టే ముందు దాన్ని పద్యం చదివినట్టు చదివించండి. మీరు తెలుగు టీచర్ కాబట్టి ఇది చెప్పక్కర్లేదేమో.

ఒంగోలు_తెలుగు_టీచర్:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. బెజవాడ సార్ చెప్పినట్టు ఇవాళ సాయంత్రమే 'మా తెలుగు తల్లికి' ప్రార్థనలో పాడే శ్రుతి ఏదో హార్మోనియం మీద చూశాను. మొదట ఎత్తుకున్న పిల్ల ఎక్కడ మొదలుపెడితే అక్కడే అందరూ పాడుతున్నారు, చివరి చరణానికి వచ్చేసరికి బాగా కిందికి జారిపోతోంది. రేపటి నుంచి తంబురా పెట్టి రెండు శ్రుతిలో ఎత్తుకోమని చెబుతాను.

ఓరుగల్లు అక్కా, అమ్మమ్మల ఆలోచన చాలా నచ్చింది, పిల్లలకు హోంవర్క్‌గా ఇచ్చేశాను. గురజాడ పాటకు వరస కడతాను. సినిమా పాట విషయం హెచ్ఎం గారితో మాట్లాడాలి, కోరస్ ఉన్నదే తీసుకుంటాం.

ఇంకా రెండు సందేహాలు. పాట జారిపోవడానికి కారణం శ్రుతి పెట్టకపోవడం ఒక్కటేనా? రెండోది, ఒక పాట మీద ఎన్నాళ్లు ఉండాలి? పిల్లలకు మాటలు, మెట్టు వచ్చేశాయనగానే విసుగు మొదలవుతుంది, నాకేమో అప్పుడే అసలు పని మొదలైనట్టు ఉంటుంది.

బెజవాడ_లలితగీతం:

అమ్మా, శ్రుతి జారడానికి కారణాలు చాలా ఉంటాయి. ఊపిరి చాలకపోవడం ఒకటి, వాక్యం చివరి స్వరాన్ని వదిలేయడం ఇంకొకటి. పిల్లలు చివరి అక్షరం పలికి గాలి ఆపేస్తారు, ఆ స్వరం కిందకు కుంగుతుంది, తర్వాతి వాక్యం ఆ కుంగిన చోటు నుంచి మొదలవుతుంది. దీర్ఘం మీద నిలవడం నేర్పండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పుస్తకంలో పాట మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి, అందరూ ఒకే చోట, మాట విరగని చోట. ఒకే స్వరం వరసగా వచ్చే చోట్ల కూడా పిల్లలు జారతారు, అక్కడ ప్రతి అక్షరాన్నీ కొంచెం పైకి పలుకుతున్నట్టు ఊహించుకోమని చెబుతాను నేను. ఉక్కపోత మధ్యాహ్నం, భోజనం అయిన వెంటనే పీరియడ్ ఉన్నా జారుతుంది, వీలైతే పొద్దున పీరియడ్ అడగండి.

విసుగు గురించి. ఒకేసారి మూడు పాటలు నడపండి. ఒకటి బాగా వచ్చినది, పీరియడ్ మొదట్లో హాయిగా పాడుకోవడానికి. ఒకటి పని జరుగుతున్నది, గట్టిగా పదిహేను నిమిషాలు. ఒకటి కొత్తది, రెండు వాక్యాలు మాత్రమే. ఆకాశవాణిలో 'ఈ మాసపు పాట' అని నెలంతా ఒకే లలితగీతం నేర్పేవారు, మెల్లగా వినగా వినగా మా తరం వాళ్లకు ఎన్నో పాటలు అలాగే వచ్చాయి. ఆ లెక్కన నెలకు ఒక పాట మీ పిల్లలకు సరిపోతుంది.

గుంటూరు సోదరుడు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. మన రాగాల్లో, మన భాషల్లో పలు వరసల బృందగానం కుదరదని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాస్ యూత్ క్వయర్‌తో సరిగ్గా అదే చేసి చూపించారు. 1988లో పోయారు. ఆ బృందం రికార్డింగులు దొరికితే మీ పిల్లలకు వినిపించండి. ఒక పాట ఎంతమంది గొంతుగా వినపడగలదో చెవితో వింటే, మనం నోటితో చెప్పే దానికన్నా త్వరగా అర్థమవుతుంది వాళ్లకు.

గుంటూరు_క్వయర్:

సార్, మంచి పేరు గుర్తుచేశారు. టీచర్ గారూ, గురజాడ పాటకు మీ వరస కట్టాక స్వరాలు ఇక్కడ పెట్టండి. ఆఖరి ఆవర్తనానికి కింది వరస నేను రాసి పంపుతాను. అబ్బాయిలు ముగ్గురూ ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా ఇబ్బంది లేకుండా పలుకుతున్నారో ఒక్కొక్కరిదీ విడిగా చూసి అదీ రాయండి, దాన్ని బట్టి వాళ్లకు స, ప ఏ స్థాయిలో ఇవ్వాలో చూద్దాం.